వాకిటికి వచ్చిన చదువు

పూర్వము విద్య కావలెనన్నవాఁడు గురువు నింటికిఁ బోవలసియుండెను. అడవులు దాఁటి, యేఱులు దాఁటి, సమిధలు చేతఁ బట్టుకొని, గురుకులమున పండ్రెండేండ్లు శుశ్రూష చేసి నేర్చుకొన్నవారి కథలనే మనము చిన్ననాఁటినుండి వినుచున్నాము. ఆ కథలలో ఆఁడువారి పేరులు మిక్కిలి యరుదు. ఇల్లు విడిచి పోఁగలవారికే విద్య యను నియమ మున్నప్పుడు, ఇల్లు విడువలేనివారికి విద్య లేదని వేఱుగ చెప్ప నక్కఱలేదు గదా! నేఁటి కాలమున ఆ నియమము తలక్రిందయినది. గురువే పుస్తకరూపమునను, ఫోను తెరమీఁది పాఠరూపమునను మన వాకిటికి వచ్చుచున్నాఁడు. దీనికే దూరవిద్య యని పేరు. అయితే, వాకిటికి వచ్చిన యతిథిని లోనికిఁ బిలిచి పీఁట వేయువా రెవరు? సోదరీమణులతో నేను ముచ్చటింపఁ దలఁచిన విషయ మిదియే.

మేము కాపురముండు పంజాగుట్టలో మా ప్రక్కవాటాయందు ఒక గృహిణి యున్నది. వయస్సు ముప్పదినాలుగు. భర్త, అత్తగారు, ఇద్దఱు పిల్లలు. బి.కాం. చదివి, మియాపూరులోని యొక ప్రైవేటు సంస్థ కార్యాలయమున హాజరుపట్టీలు, సెలవుచీట్లు, జీతముల లెక్కలు చూచు పనిలో పదకొండేండ్లుగా నున్నది. తనకంటెఁ జిన్నవారు, తాను పని నేర్పినవారే, పట్టా యొకటి యున్నదను కారణమున తనకుఁ బైయధికారులై వచ్చి కూర్చుండుట రెండు మాఱులు చూచెను. మూఁడవమాఱు చూడఁ జాలక, ఆ విద్య తానును చదువవలెనని సంకల్పించెను. ఆ విద్య పేరు మానవ వనరుల నిర్వహణము. కార్యాలయములలో దీనిని ‘హెచ్.ఆర్.’ అని పొట్టిగాఁ బిలుతురు.

ఈ పేరు మొదట వినఁగనే నాకు రుచింపలేదు. నీరు వనరు, బొగ్గు వనరు. మనుష్యుఁడు వనరగు టేమి? ఈ మాటయే ఆమె నడిగితిని. ఆమె నవ్వి, “అక్కయ్యగారూ! బొగ్గు వాడినకొలఁది తఱుగును; మనిషి సరిగా వాడుకొన్నకొలఁది పెరుగునఁట. మా పుస్తకమునం దీ భేదమునే ముందుగాఁ జెప్పినారు” అనెను. పుస్తక మిమ్మని తీసికొని నాలుగు దినములు చదివితిని. చదివినకొలఁది ఇది నాకుఁ గ్రొత్త విద్యగాఁ దోఁపలేదు.

సభాపర్వమున నారదమహర్షి ధర్మరాజు కొలువునకు వచ్చి వరుసగాఁ గొన్ని ప్రశ్నలు వేయును. సేనకు ఇయ్యవలసిన కూడును జీతమును కాలము తప్పక యిచ్చుచున్నావా? శిల్పులకుఁ గావలసిన సామగ్రి నాలుగు నెలలకుఁ దక్కువ కాకుండ సమకూర్చుచున్నావా? పని చేసినవానిని గుర్తించి పెద్దల నడుమఁ బ్రశంసించుచున్నావా? నీ కొఱకుఁ బ్రాణములు విడిచినవారి భార్యలను పోషించుచున్నావా? అని. రామాయణమున శ్రీరాముఁడు చిత్రకూటమునకు వచ్చిన భరతుని నడిగిన ప్రశ్నలలోను జీతము జాగు చేయరాదను మాట యున్నది. జీతము, పనిముట్లు, ప్రశంస, పోషణము, ఈ నాలుగును నేఁటి హెచ్.ఆర్. పుస్తకమున నాలుగు పెద్ద ప్రకరణములు.

అంతకంటె మనకు దగ్గఱి దృష్టాంతము అరణ్యపర్వమున నున్నది. సత్యభామ వచ్చి, భర్తలను వశపఱచుకొను మందేదియని యడుగఁగా, ద్రౌపది మందులు మాకులు లేవని మందలించి, తాను ఇంద్రప్రస్థమున నెట్లు మెలఁగెనో చెప్పును. నగరిలోని దాసీజనము పేరులు, వారి కూడు, కట్టుబట్ట, ఎవతె ఏ పని చేసినదో ఏది చేయలేదో అంతయుఁ దా నెఱుఁగుదుననియు, గొల్లలు మొదలుకొని భృత్యు లందఱి మంచిచెడ్డలును, బొక్కసపు టాదాయవ్యయములును తానొక్కతెయే చూచుకొంటిననియు ఆమె చెప్పును. ఇంతకు మించిన హెచ్.ఆర్. అధికారిణి యెవ్వరు? కావున ఆఁడువారికి ఈ విద్య పరాయిది కాదు. జీతము లేక పట్టా లేక మనము చేయుచు వచ్చిన పనికే నేఁడు పట్టాయు జీతమును ఏర్పడినవి.

కర్మాగారముల యుగమున ఈ విద్యకు శాస్త్రరూప మేర్పడిన విధము గూడ వినఁదగినది. అమెరికా దేశమున చికాగో నగరము చెంత వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీవారి హాథార్న్ కర్మాగారమున 1924 మొదలు 1932 వఱకుఁ బెక్కు పరీక్షలు జరిగెను. 1927 లో ఆఱుగురు యువతులను వేఱొక గదియందుఁ గూర్చుండఁబెట్టి, టెలిఫోను పరికరములను జతపఱచు పని యిచ్చి, విశ్రాంతికాలములను, పనివేళలను మార్చుచు ఫలితములు వ్రాసికొనిరి. విశ్రాంతి హెచ్చించినప్పుడు పని హెచ్చినది. ఇచ్చిన విశ్రాంతిని తీసివేసిన వెనుక గూడ పని మునుపటి స్థాయికి దిగజారలేదు. తమ్ము నొకరు శ్రద్ధతో గమనించుచున్నారనియు, తమ మాట యడుగుచున్నారనియుఁ గలిగిన తృప్తియే దీనికిఁ గారణమని ఎల్టన్ మేయో మొదలగు పండితులు తలఁచిరి. తరువాతివారు ఈ లెక్కలను శంకించిరి. కాని మనిషి యంత్రము కాఁడను మాట మాత్రము నిలిచినది. 1954 లో పీటర్ డ్రక్కర్ అను గ్రంథకర్త తన పుస్తకమున ‘మానవ వనరు’ అను పేరును నిర్వహణశాస్త్రమునఁ బ్రవేశపెట్టెను.

మన దేశమున 1948 నాఁటి కర్మాగారముల చట్టము, 500 మందికిఁ దక్కువ కాకుండ పనివారున్న చోట సంక్షేమాధికారి నొకని నియమింపవలెననెను. అట్లు మొదలైన యుద్యోగము కాలక్రమమున పెరిగి, 1975 లో ఉదయ్ పరీక్, టి.వి. రావుగార్ల సలహాపై లార్సెన్ అండ్ టూబ్రో సంస్థయందు మానవ వనరుల అభివృద్ధి శాఖయై వెలసెను. ఈ యిరువురిలో రావుగారు మన తెలుగువారగుట మనకు సంతోషము.

ఇఁక దూరవిద్య సంగతి. పూర్వము ఏకలవ్యుఁడు ద్రోణుని మట్టిబొమ్మను ఎదుట నిలుపుకొని విలువిద్య నేర్చెను. దూరవిద్యకు అతఁడే మొదటి విద్యార్థి యని పలువురు చమత్కరింతురు. నిజమే. కాని అతనికి అడవినిండ తీఱిక యుండెను. పొయ్యిమీఁద పాలు లేవు. పొయ్యిమీఁద పాలుండఁగాఁ జదువవలసినవారికై మన దేశమున 1962 లో ఢిల్లీ విశ్వవిద్యాలయము తపాలా పాఠములను ప్రారంభించెను. తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972 లోను, ఉస్మానియా విశ్వవిద్యాలయము 1977 లోను ఆ మార్గము నవలంబించెను. 1969 లో బ్రిటను దేశమున నేర్పడిన ఓపెన్ యూనివర్సిటీ యందఱకు నాదర్శ మయ్యెను. 1982 ఆగస్టులో ఆంధ్రప్రదేశ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. భారతదేశమున నట్టి విశ్వవిద్యాలయములలో నిదియే మొదటిది. దాని తొలి ఉపాధ్యక్షులు ఆచార్య జి. రామరెడ్డిగారు. 1985 లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపఁబడినప్పుడు దానికిని వారే తొలి ఉపాధ్యక్షులైరి. మన విశ్వవిద్యాలయము 1991 లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు దాల్చి, నేఁడు జూబిలీహిల్సునందు విలసిల్లుచున్నది.

ఆ విశ్వవిద్యాలయ మెంచుకొన్న నినాదము ‘మీ వాకిట విద్య’ యను నర్థ మిచ్చునది. పాఠశాలకుఁ బోవక పెండ్లియై పోయిన స్త్రీలు గూడ, చిరకాలమువఱకు, అర్హతపరీక్ష యొకటి వ్రాసి నేరుగ పట్టభద్రుల తరగతిలోఁ జేరుటకు అది వీలు కల్పించెను. తెలుగులో పాఠ్యపుస్తకములు వ్రాయించి యిండ్లకుఁ జేర్చెను. మా బంధువులలో నొకామె మనుమరాలి బారసాలనాఁటికి బి.ఏ. పూర్తి చేసినది. ఇట్టి యదృష్టము మన తల్లులకు లేకపోయెను.

పంజాగుట్టకుఁ జేరువనే, రాజభవనము దారిలో, బెల్లా విస్టా యను పాతభవనమున 1956 లో నేర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి యున్నది. అధికారులును, పెద్ద సంస్థల నిర్వాహకులును వచ్చి, అక్కడనే బస చేసి, నిర్వహణవిద్య నేర్చిపోవుదురు. చెట్లనీడ, నిశ్శబ్దము, వేళకు భోజనము. ఆ గేటు ముందఱనుండి పోవునప్పుడెల్ల మా పొరుగామె, “ఇట్లు పదిదినములు నన్నెవరైనఁ గూర్చుండఁబెట్టి, అన్నము పెట్టి, చదువుమనినచో!” అనుచుండెడిది. ఆమెకు దొరకిన గురుకులము మెట్రో రైలు. అమీర్‌పేటనుండి మియాపూరునకు రైలు 2017 నవంబరులోను, పంజాగుట్ట మీఁదుగ 2018 సెప్టెంబరులోను నడవనారంభించెను. పోవునప్పుడు ఇరువది నిమిషములకుఁ బైగా, వచ్చునప్పుడు ఇరువది నిమిషములకుఁ బైగా. ఆఁడువారి పెట్టెలో స్తంభము నొక మోచేత నానుకొని ఆమె పుటలు త్రిప్పును. ఉద్యోగుల రాజ్య బీమా చట్టము చదువుచుండఁగనే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి స్టేషను వచ్చినదఁట! “పుస్తకములోని మాట కిటికీలోఁ గనఁబడినది, అక్కయ్యగారూ” అని చెప్పి మురిసిపోయినది.

అయితే ఈ దారి మొదటనే ఆమె యొక గోతిలోఁ బడి లేచెను. అది చెప్పక దాఁచుట న్యాయము కాదు. అమీర్‌పేట సందులలో అడుగున కొక బోర్డు. కంప్యూటరు నేర్పువా రొకరు, ఆంగ్లము నేర్పువా రొకరు, పట్టా లిప్పింతుమనువా రొకరు. అట్టి యొక కేంద్రమువారు, ఎక్కడనో దూరరాష్ట్రపు విశ్వవిద్యాలయము పేరు చెప్పి, రెండేండ్ల చదువు నొక్క యేఁటిలో ముగింపించి హెచ్.ఆర్.లో ఎం.బి.ఏ. ఇప్పింతుమనిరి. పిల్లల పేరఁ దాఁచిన సొమ్ము తీసి యామె చెల్లించెను. పదునాలుగు నెలలు కడచినవి. పుస్తకములు సగము రాలేదు. పరీక్షలు తూతూమంత్రముగా జరిగినవి. చేతికి వచ్చిన కాగితమును కార్యాలయమువారు చూచి, గుర్తింపు లేదని త్రోసివేసిరి. సందులోనికిఁ బోయి చూడఁగా గదికిఁ దాళము; బోర్డు మాఱిపోయినది. ఆ రాత్రి యామె యేడ్వలేదు. మఱునాఁడు పిల్లవాని బడి రుసుమునకై చేతిగాజు తాకట్టు పెట్టి వచ్చినది.

కావున ఈ విద్యఁ గోరు సోదరీమణులు ముందుగాఁ దెలిసికొనవలసిన సంగతులు కొన్ని చెప్పెదను. దూరవిద్య నడుపుటకు ఏ విశ్వవిద్యాలయమునకు ఏ యేఁట ఏ చదువునకు అనుమతి యున్నదో, ఢిల్లీలోని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమువారి దూరవిద్యా విభాగము పట్టిక ప్రకటించుచుండును. డబ్బు చెల్లించుటకు ముందే ఆ పట్టిక చూడవలెను. విశ్వవిద్యాలయము పేరున్నంతనే చాలదు; మనము చేరఁబోవు చదువు పేరును, ఆ సంవత్సరమును గూడ నందుండవలెను. ఇంజనీరింగు, వైద్యము వంటివి దూరవిద్యగాఁ జదువుటకు అనుమతి లేదు. గుర్తింపుతో సంపాదించిన దూరవిద్యా పట్టా బడికిఁ బోయి చదివిన పట్టాతో సమానమే యని ఆ సంఘమువారు 2022 సెప్టెంబరులో స్పష్టముగాఁ బ్రకటించిరి. నియమితకాలముకంటె ముందుగా పట్టా యిప్పింతుమనువానిని, రశీదు లేక రొక్కము పుచ్చుకొనువానిని చూచినచో వెనుకకుఁ దిరిగి నడచుట యుత్తమము. వెండిగిన్నె కొనునప్పుడు ముద్ర చూచు మనము చదువు కొనునప్పుడేల చూడరాదు?

ఏఁడాది యూరకుండి, ఆమె రెండవమాఱు ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయమున మానవ వనరుల నిర్వహణ డిప్లొమా తరగతిలోఁ జేరెను. అక్కడి పద్ధతి యిట్లుండును. ఒక్కొక్క విషయమునకు కొన్ని క్రెడిట్లు. ఒక క్రెడిట్ అనఁగా విద్యార్థి చదువవలసిన 30 గంటలు. ఇంటివద్ద వ్రాసి పంపు అసైన్‌మెంట్లకు నూటికి 30 పాళ్లు, పరీక్షకు 70 పాళ్లు. పరీక్షలు జూనునందును డిసెంబరునందును. ఒక పరీక్ష తప్పినను మఱల వ్రాసికొనవచ్చును. గడువు దీర్ఘముగ నిత్తురు. కావున మార్గము కఠినము కాదు. కాని లెక్క వేయుఁడు. నాలుగు క్రెడిట్ల విషయ మొకటి ముగియుటకు 120 గంటలు. దినమున కొక గంట చొప్పున 120 దినములు. ఆ గంట యెక్కడనుండి వచ్చును?

కేంద్రప్రభుత్వమువారు 2024 లో దేశమంతట జనులు దినమున నే పనికెంత కాలము గడపుచున్నారో విచారించిరి. ఇంటిపని చేయు స్త్రీలు సగటున దినమునకు 289 నిమిషములును, చేయు పురుషులు 88 నిమిషములును దానికి వెచ్చించుచున్నట్లు తేలెను. భేదము 201 నిమిషములు; అనఁగా మూఁడు గంటల ఇరువదియొక్క నిమిషములు. మగవారి పేరు చెప్పి నిందించుట నా యుద్దేశము కాదు. ఆ మూఁడు గంటలలో నొక్క గంట యామెకుఁ దిరిగి వచ్చినను నాలుగు నెలలలో నొక విషయము పూర్తియగునని మాత్రమే నేను చెప్పుచున్నాను. పనిగంటలు, విశ్రాంతి, పని పంపకము అని పుస్తకమున పుటలకొలఁది చదువుచున్న యామెకు, తన పనిగంటలు లెక్కించువారు లేరు. హాథార్న్ కర్మాగారపు పడుచులకైన, తమ్ము గమనించువా రొక రుండిరి.

ఇచ్చట నా తప్పొకటి చెప్పుకొనవలెను. ఆమె సాయంకాలము ఏడు గంటలకు ఇల్లు చేరును. ఆమె చెప్పులు విడుచు చప్పుడు వినఁగనే నేను వారి గడపయొద్దకుఁ బోయి నిలుచుండెడిదానను. కూరగాయల ధరలు, మా వారి పాఠశాల సంగతులు, ఏదో యొక ముచ్చట. అరగంట తెలియకయే గడచిపోవును. శ్రావణమున మా యింటి వరలక్ష్మీవ్రతపు పేరంటమునకు ఆమె రాలేదు. నేను మనసునఁ బెట్టుకొని పదిదినములు పలుకరింపలేదు. పదునొకండవ నాఁడు ఆమెయే వచ్చి, “అక్కయ్యగారూ, మీ తాంబూలమునకు రాకుండుట నాకు మాత్రము సంతోషమా? మఱునాఁడే అసైన్‌మెంటునకు గడువు. ఇంట నందఱు నిద్రించినపిమ్మట కూర్చుండి తెల్లవాఱు మూఁడు గంటలవఱకు వ్రాసితిని” అనెను. ఆ రాత్రి నేను లెక్క వేసికొంటిని. దినమున కరగంట చొప్పున 120 దినములకు 60 గంటలు. ఒక విషయమునందు సగపాలు చదువును నేను గడపమీఁద నిలుచుండి దోఁచుకొంటినన్నమాట! పీఁట వేయవలసిన చోట నేనే యడ్డముగా నిలిచితిని.

ఆ డిసెంబరు పరీక్షలలో అత్తగారికి జ్వరము వచ్చి, అదే వారమున బంధువులు దిగి, ఆమె యొక పరీక్ష కసలు పోలేదు, ఇంకొకటి తప్పెను. ఫలితము తెలిసిన సాయంకాలము పుస్తకములు కట్ట కట్టి యటకమీఁదఁ బెట్టించెను. రెండు దినములు గడచినవి. మూఁడవ నాఁడు అత్తగారు మనుమనిచేత నా కట్టను దింపించెను. ఆమె చదువుకొన్నది కాదు. “దీనికి దినమున కెంతసేపు కావలయునే?” అని కోడలి నడిగెను. గంటసేపని కోడలు చెప్పఁగా, “అయితే రాత్రి యెనిమిదినుండి తొమ్మిదివఱకు వంటిల్లు నాది, నీవు గడప లోపలికి రావలదు” అనెను. ఆమె కొడుకు ఆ మాట విని లేచి, పిల్లల పాఠములు తాను చూచెదననెను. మొదటి వారము పోఁపు మాఁడినది, పిల్లవాని లెక్కలు తప్పినవి. రెండవ వారమునుండి అంతయు సర్దుకొన్నది. ఏప్రిలు, మే నెలలలో ఆవకాయ పెట్టుట మా యింటనే రెండిండ్లకును గలిపి కానిచ్చితిని. అది నేను చెల్లించిన యపరాధరుసుము.

ఆ గంట వృథా పోలేదనుటకు ఒక నిదర్శనము చెప్పెదను. వారి కార్యాలయమున గుత్తేదారుద్వారా వచ్చి కంప్యూటరున లెక్కలెక్కించు పడుచు గర్భవతి యయ్యెను. గుత్తమీఁద వచ్చినవారికి ప్రసవపు సెలవు లేదు, మానివేయుమని ఆమెకుఁ జెప్పిరి. మా పొరుగామె అప్పుడే ఆ ప్రకరణము చదివియుండెను. 1961 నాఁటి ప్రసూతి ప్రయోజనముల చట్టము, నేరుగ నియమింపఁబడిన స్త్రీకేకాక మధ్యవర్తిద్వారా నియమింపఁబడిన స్త్రీకిని వర్తించును. ప్రసవమునకు ముందటి యేఁడాదిలో 80 దినములు పని చేసియున్నఁ జాలును. 2017 నాఁటి సవరణచే మొదటి యిద్దఱు బిడ్డలకు సెలవు 26 వారములు, జీతముతోఁ గూడ. ఈ సంగతులను ఒక కాగితమున వ్రాసి, చట్టపు సెక్షన్ల సంఖ్యలు వేసి, పైయధికారి బల్లమీఁదఁ బెట్టెను. ఆమె చేతులు వణఁకినవఁట. తన యుద్యోగ మేమగునో యని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాలుగు దినములకు గుత్తేదారు వచ్చి సెలవు మంజూరు కాగిత మిచ్చిపోయెను. బిడ్డ పుట్టినపిమ్మట ఆ పడుచు తల్లి పంజాగుట్టకు వచ్చి, ఈమె కొడిలో కొబ్బరికాయ, రవికెగుడ్డ పెట్టిపోయినది. పట్టా చేతికి రాకమున్నే విద్య ఫలించినది.

ఇంతలో 2025 నవంబరు 21 వ తేదీన, ఇట్టి పాతచట్టములు 29 నాలుగు సంహితలుగా మాఱి యమలులోనికి వచ్చెను. ప్రసవపు సెలవు 26 వారములు నట్లే యున్నది. చట్టము పేరు మాఱినది. “చదివినదంతయు మఱల చదువవలెను గదా!” అని నేను జాలిపడఁగా, “చీరె కొంగు మార్చినారే కాని నేఁత మార్చలేదు, చదివెదను లెండి” అనెను. పది మంది గాని అంతకు మించి గాని పనివారున్న ప్రతిచోటను స్త్రీల ఫిర్యాదులు వినుటకు అంతర్గతసంఘ ముండవలెనని 2013 నాఁటి చట్టము చెప్పుచున్నది. ఆ చట్టము వేఱుగనే నిలిచియున్నది. తమ కార్యాలయమున ఆ సంఘము పేరులు గోడమీఁద లేకుండుట చూచి, వ్రాయించి యంటించినదియు నామెయే.

ఆమె కథ యింకను ముగియలేదు. మిగిలిన పరీక్ష యొకటి రాఁబోవు జూనులో వ్రాయవలెను. పదవి యింకను పెరుగలేదు. పెరుగునో లేదో చెప్పఁజాలను. కాని ఆ యింట నొక మార్పు వచ్చినది. ఎనిమిది గంటలకు చిన్నపిల్ల పరుగెత్తి వచ్చి, “అమ్మ గంట!” అని కేక వేయును. ఎవరికిఁ గావలసినదైన తొమ్మిది గంటలవఱకు ఆఁగవలసినదే.

సోదరీమణులారా! మీలో నిట్లు చదువఁ దలఁచినవా రుండవచ్చును. రుసుము చెల్లించుటకు ముందు ఇంటివారితోఁ గూర్చుండి, ఏ గంట మీది, ఆ గంటలో ఏ పని యెవరిది యని తేల్చుకొనుఁడు. చదువుటతో సరిపెట్టుకొనక జవాబులను చేతితో వ్రాసి చూచుకొనుఁడు. కలము మఱచిన చేతికి పరీక్షశాలలో మూఁడు గంటలు మిక్కిలి భారము. తప్పినచో సిగ్గుపడకుఁడు, పసిబిడ్డను ఒడిలోఁ బెట్టుకొని నడచువాని నడకను చేతులూపుకొని నడచువాని నడకతోఁ బోల్చుట తగదు. మీరు చదువఁ దలఁపనివారైనచో, మీ కోడలు, మీ యాఁడుబిడ్డ, మీ ప్రక్కవాటాలోని వనిత చదువుచున్నదేమో గమనింపుఁడు. ఆమెకు మీరు పుస్తకములు కొని యియ్య నక్కఱలేదు. ఒక్క గంటసేపు ఆమె నెవరును పిలువకుండఁ జూచినఁ జాలును.

విశ్వవిద్యాలయములు చదువును మన వాకిటివఱకుఁ దెచ్చి దింపినవి. గడప దాఁటించుట వారి చేత నగు పని కాదు. అది యింటివారి పని, ఇరుగుపొరుగువారి పని. ఇప్పుడును సాయంకాలము ఏడు గంటలకు ప్రక్కవాటాయందు చెప్పుల చప్పుడు వినఁబడును. నా కాళ్లు ఆ వైపునకు లాగును. గడియారము చూచుకొని, మా యింటి తలుపు దగ్గఱకు వేసి, నా పనిలో నేను పడుదును. తొమ్మిది గంటలకు ఆమెయే వచ్చి నా గడపయొద్ద నిలుచుండి, ఆనాఁడు చదివినది చెప్పును.